సగంలో పడ్డ పక్కా కుట్టు

సోమవారం, పహింగ్

మా వెనింగ్‌కే ఇచ్చారు! నా కూతురికే! ఆఫీసులో అంతమంది ఉండగా, పెద్ద చదువులు చదివినవాళ్ళు వరసగా కూర్చుని ఉండగా, దర్జీ కర్సోనో కూతురి చేతిలో పెట్టారు ఆ పని!

గబగబా రాస్తున్నా, అక్షరాలు ఎగుడుదిగుడుగా పడుతున్నాయి. పడనీ. ఎవరు చదువుతారు గనక.

వెనింగ్ పనిచేసే జిల్లా రక్తనిధిలో కంప్యూటరు ప్రోగ్రాములు రెండున్నాయి. ఒకటి పాతది, పాక్ విడగ్దో అనే పెద్దాయన ఎప్పుడో రాసింది. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన రాసింది ఇంకా నడుస్తూనే ఉంది. రెండోది కొత్తది, అందులో సగం మా వెనింగ్ రాసిందే. ఈ రెండూ ఒక్కటిగా పనిచెయ్యాలి. ఉపవాసాల నెల వచ్చేలోపు కలిపి చూపిస్తే వెనింగ్ తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటు. డైరెక్టరమ్మ బు హర్తాతి తన నోటితో అన్న మాట అది. కలవకపోతే ఒప్పందం అయిపోతుంది, ఇంకోచోట వెతుక్కోవాలి. కలవకపోవటం ఏమిటి, నా కూతురైతే!

ఒక్కటే బాధ. ఎవరికీ చెప్పకూడదట.

"పని పూర్తయ్యేదాకా నోరు విప్పొద్దు నాన్నా. నీ షాపుకొచ్చేవాళ్ళ దగ్గర అసలే వద్దు" అంది వెనింగ్.

"మీ నాన్న నోటికి కాజా కుట్టి బొత్తాం పెడితే తప్ప ఆగదు" అంది మా ఆవిడ సుమియెమ్ వంటింట్లోంచి.

నేను మాటిచ్చాను. అందుకే ఇక్కడ రాసుకుంటున్నా. లేకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నా.

మంగళవారం, పోన్

మా ఐదు రోజుల వారంలో పోన్ అంటే సంత రోజు. షాపు కిటకిట. ఉపవాసాలకి ముందొచ్చే రువా నెల కదా, పితరుల సమాధుల దగ్గరికి వెళ్ళటానికి అందరికీ కొత్త రవికెలు కావాలి. బు జుమిరా కొలతలిస్తూ "అమ్మాయి ఎలా ఉంది పాక్ కర్సోనో?" అని అడిగింది. వెంటనే గుప్పెడు గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాను. "ఊఁ, ఊఁ" అన్నాను. "పళ్ళు నొప్పా?" అంది. "ఊఁ" అన్నాను.

గెలిచాను. ఇవాళ్టికి.

శుక్రవారం, లెగి

ఇవాళ వెనింగ్ నాకు తన పని నేర్పింది! ఆరో తరగతితో బడి మానేసిన నాకు! నేను విన్నదంతా మర్చిపోకముందే రాసి పెట్టాలి.

రక్తనిధికి ఆసుపత్రి నుంచి కబురొస్తుంది, ఫలానా రోగికి ఫలానా గ్రూపు రక్తం కావాలని. అప్పుడు మూడు పనులు జరగాలి. మొదటిది, రోగి పేరు రాయటం. రెండోది, ఫ్రిజ్‌లో సరైన సంచి ఎంచి దాని మీద 'ఇచ్చేశాం' అని గుర్తు పెట్టటం. మూడోది, అది ఏ ఆసుపత్రికి ఎవరితో పంపుతున్నామో రాయటం. ఒకటీ మూడూ వెనింగ్ కొత్త ప్రోగ్రాం చేస్తుంది. దానికి ఓ.ఆర్.ఎం. అనే సహాయకుడు ఉన్నాడట. వెనింగ్ 'రోగి' అంటే వాడు దాన్ని డేటాబేస్ అరల్లో ఏది ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి వస్తాడు. నడిమి పని మాత్రం పాక్ విడగ్దో రాసిన పాత ప్రొసీజరు చేస్తుంది. అది డేటాబేస్ లోపలే కాపురం ఉంటుంది. ఏ సంచి ముందు పాడవుతుంది, ఏది ఎవరికి సరిపోతుంది, అన్నీ దానికి తెలుసు. దాన్ని తీసెయ్యటానికి లేదు. పాత ఆసుపత్రులు ఇంకా నేరుగా దాన్నే పిలుస్తాయి.

"ఈ మూడూ కలిపి ఒక్క ట్రాన్సాక్షన్ నాన్నా. మూడూ జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు."

"అదేంటి, రెండు జరిగితే రెండు లాభమేగా?"

అది నవ్వి, నేను కుడుతున్న చొక్కా లాక్కుంది. "ముందు కచ్చా కుట్లు వేస్తావు కదా. చెయ్యి, కాలరు, పక్కలు. తొడిగి చూస్తావు. సరిపోకపోతే?"

"దారం లాగేస్తా. బట్ట బట్టలాగే ఉంటుంది."

"సరిపోతే?"

"మిషను మీద పక్కా కుట్టు."

"ఆ పక్కా కుట్టే కమిట్. కచ్చా దారం లాగెయ్యటం రోల్‌బ్యాక్."

అంతే! నలభై ఏళ్ళుగా నేను చేస్తున్నది ట్రాన్సాక్షనే! సుమియెమ్‌తో అంటే "అయితే నీకూ జీతం ఇస్తారేమో అడుగు" అంది.

ఆదివారం, పోన్

సంత. సూదులు. ఊఁ, ఊఁ.

బుధవారం, లెగి

వెనింగ్ ఆఫీసులో దయ్యాల సంచులు పుట్టాయట! నవ్వలేక చచ్చాను.

అంటే, ఫ్రిజ్ తలుపు తీస్తే సంచి కళ్ళెదురుగా ఉంటుంది, కంప్యూటరేమో 'ఇచ్చేశాం' అంటుంది. ఏ ఆసుపత్రికి పంపారో ఎక్కడా లేదు. దాన్ని ఇంకెవరికీ ఇవ్వటానికి లేదు, గడువు దాటేదాకా అలా కూర్చుంటుంది. ఆ తర్వాత పారబొయ్యటమే. ఇప్పుడంటే పరీక్ష కోసం ఉత్తుత్తి పేర్లతో ఆడుతున్నారు, ఫర్వాలేదు. కానీ ఉపవాసాల నెలలో పగలంతా తిండీ నీళ్ళూ లేనివాళ్ళు రక్తం ఇవ్వరు. అప్పుడు ఒక్కో సంచీ బంగారం.

"తప్పెక్కడుందో దొరికిందా?" అన్నాను.

కాసేపు అన్నం కెలికింది. "దొరికింది. పాక్ విడగ్దో ప్రొసీజరు తన పని అయిపోగానే తనే కమిట్ కొట్టేస్తోంది. నా కచ్చా కుట్లు కూడా దాంతో పక్కా అయిపోతున్నాయి. తర్వాత మూడో పనిలో ఏదైనా చెడితే, లైను పోతేనో ఆసుపత్రి వద్దంటేనో, లాగటానికి దారం లేదు."

"మరి ఆయన్ని అడిగి తీయించెయ్."

"ఏమని అడగను? పాక్, మీరు రాసింది తప్పు అనా? నేను చేరినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన మనిషి ఆయన."

నిజమే కదా. నేను కూడా అదే అన్నాను. "వద్దు తల్లీ, పెద్దాయన ముఖం మీద తప్పనొద్దు. వేరే దారి చూడు." దానికి దారి తెలుసు కూడా. గంటకోసారి లేచి అన్ని అరలూ చూసే ఒక ఊడ్చేవాడి లాంటి ప్రోగ్రాం రాసిందట. ఎవరికీ చేరని సంచి కనబడితే వాడు మళ్ళీ ఖాళీ అని గుర్తు పెట్టేస్తాడు. దయ్యాలు పోతాయి, పెద్దాయన మర్యాదా ఉంటుంది.

ఎంత బుద్ధిమంతురాలు! ఇలా ఎవరు పెంచగలరు? నేనూ సుమియెమ్మూ పెంచాం. ముఖ్యంగా నేను.

శుక్రవారం, పోన్

సంత. అంతా బాగానే ఉంది. వెనింగ్ ఆలస్యంగా వచ్చి తినకుండా పడుకుంది. పని ఎక్కువ కదా. బాగానే ఉంది.

సోమవారం, లెగి

ఇవాళ ఆసుపత్రుల వాళ్ళందరి ఎదుట ప్రదర్శన. బాగానే జరిగింది.

వెనింగ్ చెప్పినదాన్ని బట్టి చిన్న పొరపాటు ఒకటి వచ్చింది. ఒకే సంచి ఇద్దరు రోగుల పేర పడింది. ఉత్తుత్తి రోగులే. ఆ ఊడ్చేవాడు, ఎవరికీ చేరలేదనుకుని ఒక సంచిని ఖాళీ చేశాడు, అది అప్పటికే ఒకరి కోసం బయల్దేరి దారిలో ఉంది. దాన్నే ఇంకొకరికి ఇచ్చేశారు. ఒక నర్సమ్మ "వీళ్ళు నిజం మనుషులైతే రెండోవాళ్ళకి ఏం చెప్పాలండీ?" అని అడిగిందట. వెనింగ్ "చిత్తమండీ, చూస్తానండీ" అందట.

ఎవరూ కోప్పడలేదు. బు హర్తాతి అందరికీ టీ ఇప్పించి, "రువా నెల ఇంకా కొంచెం ఉంది కదా అమ్మా, నిదానంగా చూడు. ఇక్కడ నేర్చుకున్నది ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది" అన్నారట. ఎంత మంచి మాట! నమ్మకం ఉంది కాబట్టే కదా అలా అన్నారు.

సుమియెమ్‌తో ఇదే అన్నాను. అది కూరలు తరుగుతూ తరుగుతూ ఆగి నా వైపు చూసింది.

"ఏమయ్యా, నీకు నిజంగా అర్థం కాలేదా, కానట్టు ఉంటున్నావా?"

"ఏమర్థం కావాలి?"

"ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది అన్నారు. ఎక్కడికెళ్ళినా!"

నేను షాపులోకి వెళ్ళి బొత్తాలు కుట్టుకున్నాను.

మంగళవారం, పహింగ్

తినలేదు. ఘుమఘుమలాడే అన్నం కూడా తినలేదు వెనింగ్. వాళ్ళమ్మ కొబ్బరిపాలు పోసి చేసింది, దానికి ప్రాణం అది.

గురువారం, వగే

నిర్ణయించాం. రేపు పాక్ విడగ్దో ఇంటికి వెళ్తాం, నేనూ వెనింగూ. పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చుని, క్షేమసమాచారాలు మాట్లాడి, లేచే ముందు ఆ సంగతి మెల్లగా కదపటం మన పద్ధతి. ఎవరి ముఖమూ మాడదు. రువా నెల కాబట్టి వెళ్ళటానికి వంకా ఉంది. సుమియెమ్ బియ్యప్పిండి అపెమ్‌లు చేసి బుట్టలో పెట్టింది.

"నువ్వు అపెమ్‌లు ఇయ్యి, టీ తాగు, పిట్టల గురించి మాట్లాడు. అసలు మాట అది చెప్పుకుంటుంది. నువ్వు నోరెత్తావో!" అంది.

"నేనెందుకు ఎత్తుతాను?"

"అదే నేనూ అంటున్నా."

శుక్రవారం, క్లివోన్

వెళ్ళొచ్చాం. టీ చాలా బాగుంది, మల్లెపూల వాసన.

శనివారం, లెగి

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

పాక్ విడగ్దో వరండాలో పంజరం, అందులో బూడిదరంగు గువ్వ. ఆయన లుంగీ కట్టుకుని దానికి గింజలు వేస్తున్నారు. బక్కగా, తెల్లటి పిల్లిగడ్డంతో. వెనింగ్ వంగి ఆయన చేతిని నుదుటికి ఆనించుకుంది. వాళ్ళావిడ టీ తెచ్చింది, వేయించిన అరటిపళ్ళు తెచ్చింది. మేం మాట్లాడుకున్నాం. వాన గురించి. గువ్వ గొంతు గురించి. ఆయన మోకాలి గురించి. సోలో పట్నంలో కొత్తగా వేసిన వంతెన గురించి. అపెమ్ ఎంత మెత్తగా ఉందో దాని గురించి.

నేను వెనింగ్‌ని చూస్తూ ఉన్నాను. అది పెదవులు తెరుస్తుంది, మూస్తుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది, చిన్నప్పుడు పంతులమ్మ ముందు కూర్చున్నట్టు.

చివరికి ఆయనే అడిగారు. "మన సంచి ప్రొసీజరు ఎలా ఉంది తల్లీ? కొత్తదానితో కలుస్తోందా?"

ఇంతకన్నా ఏం కావాలి? తలుపు ఆయనే తీశారు!

"చిత్తమండీ పాక్. బాగుందండీ" అంది వెనింగ్.

"ఇబ్బందేం లేదుగా?"

"లేదండీ. బాగుందండీ."

నాకేమైందో తెలియదు. నోటి నిండా అరటిపండు ఉంది. దానితోటే అనేశాను.

"బాగోలేదండీ!"

గువ్వ పంజరంలో ఎగిరిపడింది.

"బాగోలేదండీ పాక్ విడగ్దో. మీది మధ్యలో కమిట్ కొట్టేస్తోంది. పిల్ల కచ్చా కుట్లన్నీ పక్కా అయిపోతున్నాయి. చెడితే విప్పటానికి దారం లేదు. మీకు చెప్పటానికి మొహమాటపడి ఇది ఒక ఊడ్చేవాణ్ణి పెట్టుకుంది. వాడు ఒక సంచి ఇద్దరికిచ్చాడు. దీని ఉద్యోగం పోతుంది. తిండి మానేసింది. నేనే చెప్పొద్దన్నాను. ఇప్పుడు చెప్తున్నాను."

"నాన్నా!" అంది వెనింగ్. అది ఏడవటం లేదు. అంతకన్నా ఘోరంగా ఉంది ముఖం.

పాక్ విడగ్దో టీ గ్లాసు మీద మూత పెట్టారు. లేచారు. "చిత్తం" అన్నారు నాతో, అంత పెద్దాయన. లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. వాళ్ళావిడ బయటికొచ్చి, ఆయనకి మోకాలు నొప్పిగా ఉంది, పడుకున్నారు అంది. మా బుట్టలో అరటిపళ్ళు పెట్టి ఇచ్చింది.

దారి పొడుగునా రిక్షా అతనే మాట్లాడాడు, వాన గురించి.

నేను తప్పు చేశానా? నిజమే కదా చెప్పాను. కానీ సుమియెమ్ కూడా ఏమీ అనలేదు. అది తిడితే నాకు కాస్త ఊపిరాడేది.

ఆదివారం, పహింగ్

నిన్న కుట్టిన బొత్తాలే విప్పి మళ్ళీ కుట్టాను.

సోమవారం, పోన్

సంత. ఇవాళ జరిగింది జరిగినట్టే రాస్తాను.

షాపులో జనం. బు జుమిరా అద్దం ముందు రవికె వేసుకుని భుజాలు తిప్పి చూసుకుంటోంది. గుమ్మంలో పాక్ విడగ్దో! ఇస్త్రీ బట్టలు, టోపీ, చేతికర్ర. నేను కత్తెర కింద పడేశాను.

"కూర్చోండి, కూర్చోండి!" స్టూలు తుడిచాను.

ఆయన కూర్చున్నారు. జనాన్ని చూశారు. పట్టించుకోలేదు.

"పాక్ కర్సోనో, నేను ముప్ఫై ఏళ్ళు ఆ ఆఫీసులో చేశాను. ఎవరైనా ఏమడిగినా 'చిత్తం, బాగుందండీ' అనేవాళ్ళు. మొన్న మీరు 'బాగోలేదు' అన్నాక రెండు రోజులు నిద్రపట్టలేదు. కోపంతో కాదు. ఆ చిత్తాల్లో ఎన్ని నిజం చిత్తాలు, ఎన్ని ఉత్త చిత్తాలు అని. నేను రాసినవాటిలో ఇంకెన్ని ఇలా ఉన్నాయో, ఎందరు నా వెనకాల ఊడ్చారో."

నేను కత్తెర తీసి మళ్ళీ కింద పడేశాను.

"ఆ కమిట్ నేను ఊరికే పెట్టలేదు" అన్నారు. "అప్పట్లో రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయేది. సంచి తీసిన మరుక్షణం పక్కా చెయ్యకపోతే, దీపం ఆరగానే ఆ సంగతే పోయేది. సంచేమో ఆసుపత్రికి వెళ్ళిపోయేది, కంప్యూటరేమో ఫ్రిజ్‌లో ఉందనేది. అందుకని గబగబా కమిట్. అప్పటికి అదే మంచిది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు బాగోలేదు" అన్నారు. ఆ మాట ఆయన నోట్లో కొత్త పన్ను కట్టించుకున్నట్టు ఉంది. రెండుసార్లు అన్నారు. "బాగోలేదు. మీ అమ్మాయిని సాయంత్రం రమ్మనండి. వద్దులే, నేనే వస్తాను. మా ఇంటికొస్తే అది మళ్ళీ చిత్తమంటుంది."

బు జుమిరా ఒక్క ముక్క వదలకుండా వింది. "అమ్మాయి సంగతేంటి పాక్ కర్సోనో?" అంది. నేను సూదుల కోసం వెతుక్కున్నాను.

బుధవారం, క్లివోన్

మొన్న సాయంత్రం నుంచి మా ఇంట్లో పాక్ విడగ్దో! నా కత్తిరింపు బల్ల మీద! బట్టలన్నీ తీసి మంచం మీద వేశాను. వాళ్ళిద్దరి తలలూ ఒకే తెర మీద. బు హర్తాతి ఫోన్లో ఒప్పుకున్నారట, ఆయన లోపలి ప్రొసీజరు ముట్టుకోవచ్చని.

మొదట అంతా పాత పాటే. "చిత్తమండీ." "బాగుందండీ." పాక్ విడగ్దో కర్రతో నేల మీద కొట్టారు. "నీ నోట ఆ మాట ఇంకోసారి వస్తే నేను రిక్షా పిలుచుకుని వెళ్ళిపోతాను."

"చిత్... సరేనండీ."

కమిట్‌ని ఉత్తినే పీకెయ్యటానికి లేదట. పాత ఆసుపత్రులు నేరుగా ఆ ప్రొసీజరునే పిలుస్తాయి కదా, వాళ్ళకి పక్కా చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకని ఆయన దాన్ని రెండు చేశారు. లోపల ఒకటి, అసలు పని చేసేది, కమిట్ లేకుండా. దాని పైన ఇంకొకటి, పాత పేరుతోనే. అది లోపలిదాన్ని పిలిచి, పని అయ్యాక కమిట్ కొడుతుంది. పాత ఆసుపత్రులకి పైది. వెనింగ్‌కి లోపలిది. అదీ తన సొంత ట్రాన్సాక్షన్ లోపలే, తను పట్టుకున్న అదే దారం మీద. కమిట్ ఆఖర్న ఒక్కసారే, వెనింగే కొడుతుంది.

అయిపోయిందనుకున్నాను. అప్పుడాయన వెనింగ్ రాసింది చదవటం మొదలుపెట్టారు. చదివి, చదివి, కళ్ళజోడు తీశారు.

"బాగోలేదు తల్లీ."

అంటించుకున్నారే ఈయన, నా మాట!

"నీ ఓ.ఆర్.ఎం. ఒకసారి చూసిన సంచిని జేబులో పెట్టుకుంటాడు. నా ప్రొసీజరు అరలో గుర్తు మార్చింది. నీవాడు అర చూడడు, జేబులో పాత కాగితం చూసి, ఇంకా ఎవరికీ చేరలేదంటాడు. మొన్న ఒక సంచి ఇద్దరికి వెళ్ళింది నా కమిట్ వల్ల కాదు. నీ ఊడ్చేవాడు కూడా ఆ జేబునే నమ్మటం వల్ల."

వెనింగ్ తెర వైపు చూసింది. నేను సుమియెమ్ చెయ్యి పట్టుకున్నాను.

తర్వాత అది నవ్వింది! ఎన్నాళ్ళయింది ఆ నవ్వు విని! నోరు మూసుకోకుండా, పెద్దగా, వాళ్ళమ్మలాగా.

"అవునండీ పాక్. బాగోలేదు. అసలేం బాగోలేదు!"

"ఊడ్చేవాణ్ణి పీకెయ్. నా ప్రొసీజరుని పిలిచే ముందు నీ జేబులో ఉన్నదంతా అరలో పెట్టించు. పిలిచాక జేబు ఖాళీ చేసి, అరలోంచి మళ్ళీ తెచ్చుకో."

"మరి మీ లోపలి ప్రొసీజరు చెడితే తప్పు సంఖ్య ఒకటి పంపి ఊరుకుంటోంది పాక్. నాకు తెలియటం లేదు. గట్టిగా అరవాలి, అప్పుడే నా దగ్గర అంతా వెనక్కి వస్తుంది."

"అదీ బాగోలేదా?"

"అదీ బాగోలేదు."

"ఇంకేమైనా ఉందా, లేక నన్ను నిద్రపోనిస్తావా?"

"ఇంకా రెండున్నాయి."

ఆయన సుమియెమ్ వైపు తిరిగి "చూశారా అమ్మా, మీ ఆయన ఏం అంటించారో" అన్నారు. సుమియెమ్ ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేసింది. వెనింగ్ కూడా పళ్ళెం చాపింది. దాని పళ్ళెం!

గురువారం, లెగి

రేపు. బు హర్తాతి స్వయంగా చూస్తారు. ఆసుపత్రుల వాళ్ళూ వస్తారు, ఆ నర్సమ్మ కూడా.

నాకేం భయం లేదు. ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టాను, అంతే.

శుక్రవారం, పహింగ్

అయింది! అయింది అయింది అయింది!

జుమ్మా నమాజు తర్వాత మొదలుపెట్టారట. రోగి పేరు రాశారు. సంచి ఎంచారు. సరిగ్గా అప్పుడు బు హర్తాతి ఎవరికీ చెప్పకుండా వంగి, చేత్తో నెట్‌వర్కు తీగ లాగేశారట! మూడో పని సగంలో ఆగింది. వెనింగ్ తీగ మళ్ళీ పెట్టి, డేటాబేస్ తెరిచి చూపించింది. రోగి పేరు లేదు. సంచి ఖాళీగా, ఎవరికైనా ఇవ్వటానికి సిద్ధంగా ఉంది. అసలేమీ జరగనట్టు! మళ్ళీ చేశారు, తీగ లాగకుండా. మూడూ అయ్యాయి. ఇంకోసారి లాగారు, ఈసారి రెండో పని మధ్యలో. అంతా వెనక్కి. ఆ నర్సమ్మ ఒకే సంచి కోసం రెండు బల్లల నుంచి ఒకేసారి అడిగించింది. ఒకరికే వెళ్ళింది. రెండోవాళ్ళకి వేరే సంచి వెళ్ళింది. నర్సమ్మ చప్పట్లు కొట్టిందట.

బు హర్తాతి "బాగుందా పాక్ విడగ్దో?" అని అడిగారట. ఆయన ఏమన్నారో వెనింగ్ మూడుసార్లు చెప్పింది నాకు, నేను మూడుసార్లు చెప్పించుకున్నాను.

"ఇప్పుడు బాగుంది. ఇంతకుముందు బాగోలేదు. ఇద్దరిదీ."

పర్మనెంటు! ఉపవాసాలు ముగిసే పండగ తర్వాత ఉత్తర్వు చేతికిస్తారు, కానీ మాట ఇచ్చేశారు, అందరి ముందు. ఉపవాసాల నెలలో రక్తం అడిగిన ఎవరికీ దయ్యం సంచి ఎదురవ్వదు. నా కూతురు రాసిన దానివల్ల!

"ఇక చెప్పొచ్చు నాన్నా" అంది వెనింగ్.

చెప్పొచ్చు! ఉపవాసాలు మొదలయ్యేలోపు అందరికీ చెప్పాలి. ఆకలితో ఉన్నవాళ్ళకి గొప్పలు చెప్తే సగమే వింటారు. ఎవరూ తప్పిపోకుండా రాసుకుంటున్నా.

మా పెద్దక్క పనియెమ్, వొనొగిరిలో. చెవుడు. వీధి గుమ్మంలో నిలబడి అరవాలి, దాంతో ఆ వీధి మొత్తానికి చెప్పినట్టే.

తమ్ముడు సర్జు, వాడి భార్య. ఆమె ఆడపిల్లకి కంప్యూటరు చదువెందుకంది. ఆమెకి విడిగా, నిదానంగా.

సుమియెమ్ అన్నదమ్ములు ముగ్గురు. అది నేనే చెప్తానంటోంది. పక్కన నిలబడతాను, ఏదైనా వదిలేస్తే అందిస్తాను.

పిన్ని తుగినా, సోలో బజారులో పూలమ్ముతుంది. ఆమెకి చెప్తే మిగతా చుట్టాల్లో సగం మందికి నేను వెళ్ళక్కర్లేదు, అయినా వెళ్తాను.

మేనల్లుడు బగ్యో, సురబాయలో. ఫోను. వాడు బిజీగా ఉన్నానంటాడు, అయినా.

మా అమ్మా నాన్నా. ఆదివారం సమాధుల దగ్గరికి వెళ్తున్నాం, గడ్డి పీకి పూలు చల్లేటప్పుడు చెప్తాను. నాన్నకి కంప్యూటరంటే ఏమిటో తెలియదు, కుట్ల లెక్కన చెప్తాను.

పాక్ విడగ్దో. చుట్టం కాదు, ఆయనకి తెలుసు కూడా. సుమియెమ్ రాయమంది, రాశాను.

వెనింగ్. దానికి ఉద్యోగం సంగతి తెలుసు. బాగా చేశావని నేను ఇంతవరకూ దాని ముఖం మీద అనలేదు. ఇన్ని పేజీలు నిండాయి, దానితో ఒక్క ముక్క కూడా అనలేదు. రేపు పొద్దున్నే, వీళ్ళందరికన్నా ముందు దానికి.